పక్క సీటు

ఈశ్వరయ్య మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. అడిగింది మనమే మరిచిపోయాక ఎవరి కథో మొదలుపెడతారు.

ఆ రోజు అడిగింది మా సూరపరాజు. ధ్యానం బాగా కుదిరిందట. అది చెదరకూడదని ఇంట్లో మాటలు తగ్గించేశాడు, భార్య పిలిచినా కళ్ళు తెరవడం మానేశాడు, మహానుభావుడు. ఈ ప్రశాంతత పాడవకుండా ఇంకా ఏం చెయ్యాలని అడిగాడు.

మాస్టారు వేరుశనక్కాయలు ఒలుస్తూ ఓ కథ ఎత్తుకున్నారు. వాల్తేరులో జోగినాయుడికి పాతకాలం స్పోర్ట్సు కారొకటి ఉండేది. ఎర్రది, రెండే సీట్లు. కన్నబిడ్డలా చూసుకునేవాడు. తెల్లారగట్ల లేచి తుడిచి, ఇంజను చప్పుడు చెవొగ్గి విని, లోపలి వీధుల్లో ఒక్కడే ఓ చుట్టు తిప్పి తెచ్చి ముసుగు కప్పేవాడు. సముద్రం వైపు మాత్రం పోనిచ్చేవాడు కాదు. పెళ్ళైన కొత్తలో భార్య వరహాలమ్మ బీచి రోడ్డు మీద ఒక్కసారి తిప్పమంది. ఉప్పుగాలికి తుప్పు పడుతుందన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

చివరికి ఆయన కళ్ళు మసకబారాయి. డాక్టరు నడపొద్దన్నాడు, అమ్మక తప్పలేదు. ఒక ఉదయం హిమజ అనే అమ్మాయి కొనడానికి వచ్చింది. బేరం కుదిరితే చక్రాల కింద పెట్టి తొక్కించడానికి నిమ్మకాయలు కూడా తెచ్చుకుంది. నడిపి చూస్తానంటే నాయుడు ఒంటరిగా ఇవ్వలేకపోయాడు. తనూ ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆ పిల్ల తిన్నగా సముద్రం వైపు తిప్పేసింది. వద్దందామనుకునేలోపే బీచి రోడ్డెక్కేసింది. మంచు ఇంకా విడలేదు. నీళ్ళేవో ఆకాశమేదో తెలియడం లేదు. ఆ మసక కళ్ళకి కారు నేల మీద పోతున్నట్టే లేదు. ఇన్నేళ్ళూ ఆయన స్పీడు ముల్లు చూశాడు, రోడ్డు చూశాడు. ఆ కారులో కూర్చుని చుట్టూ చూడడం అదే మొదలు.

"మీరు కదిలినప్పుడల్లా ఆ సీటు కొత్త చెప్పుల్లా కిర్రుమంటోంది నాయుడు గారూ. అందులో ఎవరూ కూర్చోలేదా?" అంది హిమజ.

 ఇల్లు చేరేసరికి నాయుడు ఏడుస్తున్నాడు. "కారు నీదేనమ్మా. ఆ నిమ్మకాయలు రేపు తొక్కిద్దువు గాని. ముందు మా ఆవిడని సముద్రం దాకా తిప్పి తీసుకురా" అన్నాడు.

వరహాలమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఉప్పుగాలి కదా అని అడిగింది. ఆయన కారు తలుపు తీసి పట్టుకున్నాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి బాగా ఎండెక్కింది. ఆవిడ జుట్టంతా రేగిపోయింది, కాళ్ళ నిండా ఇసుక, సీటు మీదా ఇసుకే. నాయుడు అలవాటుకొద్దీ గుడ్డ అందుకున్నాడు. ఆవిడ మొహం చూసి, గుడ్డ మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

మాస్టారు ఒలిచిన గింజలన్నీ సూరపరాజు దోసిట్లో పోశారు.

"నీ కారు బాగానే ఉంది నాయనా" అన్నారు. "పక్క సీటే ఒకసారి చూసుకో."