బీరయ్య పగలగొట్టిన తొట్టి

అనగనగా అన్నామంటే లెక్కకు అందని కాలమని అర్థం. మీ ముత్తాతకు ముత్తాత ఇంకా పుట్టని కాలం. అప్పుడు ఒక రాజ్యంలో పెద్ద విద్యాపీఠం ఉండేది. దాని పెద్దను కులపతి అనేవారు. కులపతి అంటే వేలమంది పిల్లలకు అన్నం పెట్టి చదువు చెప్పించే మనిషి. ఆ గద్దె మీద ఒకసారి ఒక పశువుల వైద్యుడు కూర్చున్నాడు. అతని పేరు బీరయ్య.

ఎలా కూర్చున్నాడో వినండి. బీరయ్య గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు. ఊళ్ళో ఏ గొడ్డు మేత మానేసినా అతన్నే పిలిచేవారు. చేతులు కడుక్కునేవాడు, గొడ్డు నోరు తెరిచేవాడు, చూసేవాడు. ఆ తర్వాతే మాట చెప్పేవాడు. ఆ మాట తప్పేది కాదు. అది విని విద్యాపీఠం వాళ్ళు పిలిచి, పిల్లలకు పశువైద్యం నేర్పమన్నారు. అక్కడా అంతే. తాటాకులో ఉన్నది చదివించి, అందరినీ పశువుల కొట్టంలోకి తీసుకుపోయేవాడు. చేతులు కడిగించేవాడు, నోరు తెరిపించేవాడు, చూపించేవాడు. ఆ తర్వాతే మాట చెప్పనిచ్చేవాడు. ఇరవై ఏళ్ళు అలా నేర్పాక పాత రాజు అతన్నే కులపతిని చేశాడు.

పండితులకు ఒళ్ళు మండింది. "గద్దె దగ్గర పేడ కంపు కొడుతోంది" అని ముక్కులు మూసుకునేవారు.

"పేడ వాసన కడిగితే పోతదయ్యా" అనేవాడు బీరయ్య. ఏ వాసన కడిగినా పోదో అతను చెప్పలేదు.

పాత రాజు పోయాడు. కొడుకు రాజయ్యాడు. ఏటా తొలకరికి ముందు అక్కడ పశువుల సంత జరిగేది. డెబ్బై ఊళ్ళ ఎద్దులు వచ్చేవి. సంత వాకిట ఒక రాతి తొట్టి. మొదట రాజుగారి ఎద్దుల జత అందులో నీళ్ళు తాగాలి. తర్వాత మిగతా ఎద్దులన్నీ అదే తొట్టిలో తాగాలి. అప్పటిదాకా బేరం లేదు. అది ఆచారం.

ఆ ఏడు రాజుగారి ఎద్దులు చొంగ కారుస్తున్నాయి, కుంటుతున్నాయి. రాజు ముగ్గురు పండితుల్ని పిలిపించి, ఎద్దులు బాగున్నాయా అని అడిగాడు. మొదటి పండితుడు తాటాకు చూసి బాగున్నాయన్నాడు. రెండో పండితుడు కొమ్ములకు తొడిగిన బంగారం చూసి బాగున్నాయన్నాడు. మూడో పండితుడు రాజుగారి మొహం చూసి, చాలా బాగున్నాయన్నాడు. ఎద్దు నోట్లో చెయ్యి పెట్టినవాడు ఒక్కడూ లేడు. చెయ్యి మురికవుతుందట. చూడటానికి చేతకాని చదువు ఎందుకర్రా, తగలెయ్యనా?

బీరయ్య వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు, నోరు తెరిచాడు, చూశాడు. నాలుక నిండా పుళ్ళు. గిట్టల సందుల్లోనూ పుళ్ళే.

"గాలికుంటు, దొరా. ఒక్క గొడ్డు చొంగ తగిలితే మందకు మంద పడిపోతది. వీటిని సంతకు తోలొద్దు."

"సంత ఆగితే నా పరువేం కావాలి? బాగున్నాయని చెప్పు. కులపతి చెబితే ఊళ్ళన్నీ నమ్ముతాయి."

"నమ్ముతయి కాబట్టే చెప్పను దొరా."

రాజు అక్కడికక్కడే అతని భుజాల మీది కులపతి శాలువా లాగించాడు. "కొట్టం నుంచి వచ్చావు, కొట్టానికే పో" అన్నాడు. పండితులు తలలూపారు. ఏళ్ళ తరబడి అతని పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళే. ఒక్కరంటే ఒక్కరు లేచి నిలబడలేదు.

తెల్లారితే సంత. బీరయ్య వాకిట నిలబడి, ఎద్దుల్ని వెనక్కి తోలుకుపొమ్మని వచ్చినవాళ్ళనల్లా బతిమాలాడు. కొమురవ్వ అనే రైతు ఎదురు తిరిగింది.

"నిన్నటిదాకా కులపతివి. ఇయ్యాల భుజం మీద శాలువనే లేదాయె. నీ మాట ఎందుకు వినాలె?"

"నా మాట వినకవ్వా. అగో, రాజుగారి ఎద్దులొస్తున్నయి. వాటి మూతి చూడు."

కొమురవ్వ చూసింది. మేళతాళాల నడుమ ఎద్దుల మూతుల నుంచి చొంగ తీగలు తీగలుగా వేలాడుతోంది.

"నాకున్నవి రెండే ఎద్దులు. అవి పడిపోతే కాడి కింద నేనే మెడ పెట్టాలె" అంది. బండిలోంచి గడ్డపార తీసి బీరయ్య చేతికిచ్చింది.

బీరయ్య తొట్టి మీద వేసిన మొదటి దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. రెండో దెబ్బకు బీట పడింది. మూడో దెబ్బకు తొట్టి రెండు ముక్కలైంది. నీళ్ళన్నీ నేల తాగింది. తొట్టి లేదు, సంత లేదు. డెబ్బై ఊళ్ళ ఎద్దులూ ఇంటిదారి పట్టాయి.

భటులు బీరయ్యను కొట్టి పొలిమేర దాటించారు. ఆ దెబ్బలతోనే గొర్ల మందల వెంట తిరిగి, ఏడాది నిండకుండానే పోయాడు.

సంత చెదిరిన మూడో రోజుకే రాజుగారి మందంతా కూలబడింది. డెబ్బై ఊళ్ళలో మాత్రం అరకలు కదిలాయి. అప్పటికి రాజుకు తెలివొచ్చింది. ఊరూరా వెతికించే సరికి ఏడాది తిరిగింది, సమాధి దొరికింది. జరీ అంచు శాలువా తెచ్చి దానికి కప్పారు. బతికున్నవాడి భుజాల మీంచి లాగేసి రాతికి కప్పుతారా? రాతికి చలేస్తుందా? ఆ ముగ్గురు పండితులే ముందు నిలబడి, "మా కులపతి" అని పొగిడారు. ఏ వాసన కడిగినా పోదో ఆ రోజు అందరికీ తెలిసింది.

రాజు కొత్త తొట్టి చేయిస్తానన్నాడు. ఊళ్ళు వద్దన్నాయి. ఇప్పటికీ ఆ సంతకు ఎవరి ఎద్దుకు వాళ్ళే ఇంటి నుంచి నీళ్ళు తెచ్చుకుంటారు. అమ్మేవాడు అడక్కముందే ఎద్దు నోరు తెరిచి చూపిస్తాడు. చూడకుండా తలూపే మనిషి ఎదురైతే, "బీరయ్య చూసినట్టు చూసినవా, పండితుడు చూసినట్టు చూసినవా?" అని అడుగుతారు.

కథ కంచికి పోతే పోయింది. ఆ తొట్టి మాత్రం రెండు ముక్కలుగా అక్కడే ఉంది. దాన్ని అతికించమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.