అయిలయ్య కొస పోగు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. చందమామకు ఇంకా పాలపళ్ళు ఊడని రోజులు. ఏడు వాగులు దాటితే ఒక ఊరు. ఆ ఊరి తాటిచెట్లు ఎంత పొడుగంటే, పొద్దున ఎక్కడం మొదలుపెట్టినవాడికి మట్టలు అందేసరికి మధ్యాహ్నం సద్ది తినే వేళయ్యేది. ఆ చెట్లెక్కి కల్లు గీసేవాడు అయిలయ్య.

అయిలయ్య చెట్టెక్కితే ఉడతలు సిగ్గుపడి దిగిపోయేవి. నడుముకు మోకు చుట్టేవాడు, మోకుకు ముడి వేసేవాడు, వెనక్కి ఒరిగి గాలిలో కూర్చునేవాడు. మోకంటే గీతగాడి తాడు. గీతగాడికి అదే కుర్చీ, అదే ప్రాణం.

ఒకరోజు ఆకాశం నల్లబడింది. అయిలయ్య తొందరపడ్డాడు, ముడి సరిగా బిగించలేదు. సగం చెట్టు మీద ముడి జారింది. ఆయన పడిన చప్పుడుకు మూడు ఊళ్ళ అవతల కుమ్మరింటి కుండలు పగిలాయి. కుడికాలు మూడు చోట్ల విరిగింది. అతుక్కుంది గాని, వంకరగా అతుక్కుంది. ఇక చెట్టు లేదు, కల్లు లేదు.

ఇంట్లో భార్య లస్మవ్వ, ఇద్దరు ఆడపిల్లలు. మొదటి నెల జొన్న గటక తిన్నారు. రెండో నెల గంజి తాగారు. మూడో నెల గంజి కాచిన కుండ వాసన చూశారు.

అప్పుడు ఊళ్ళోకి మన్నుపని మేస్త్రి వచ్చాడు. ఎక్కడో దూరదేశంలో చెరువు తవ్వుతున్నారట. గుంపును తీసుకుపోతాడట. ఆ పనికి పోయినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అదీ ఒక్క చేతి వేళ్ళ మీదే.

"నేనూ పిల్లలూ పోతం. నువ్వు నడవలేవు. మరేం జేద్దాం?" అంది లస్మవ్వ. ఏడవలేదు. ఏడవడానికి కూడా కడుపులో ఏదో ఒకటి ఉండాలి కదా.

"గుంపు ఎప్పుడు కదుల్తది?"

"మూడు వారాలకు."

"మూడు వారాలు ఆగు. నేనొక పని నేర్చుకుంట."

అయిలయ్య కర్ర పట్టుకుని సాలెవాడకు పోయాడు. వెనకే లస్మవ్వ కూడా పోయింది. అక్కడ నేతగాళ్ళకు పెద్ద అంబదాసు. ఆయన నేసిన చీరను మడిచి చెవిలో పెట్టుకోవచ్చు, విప్పితే ఊరికి పందిరి వేయవచ్చు. మీసమూ అంతే పొడుగు.

"అంబదాసు బావా, నాకు పని నేర్పు."

వాడంతా నవ్వింది. మగ్గాలు కూడా నవ్వాయంటారు.

"ఎన్నేండ్లు నీకు?" అన్నాడు అంబదాసు.

"నలభై దాటినయి."

"మొక్కై వంగనిది మానై వంగుతదా అయిలయ్యా?"

లస్మవ్వ కొంగు నడుముకు బిగించింది. "వంగకపాయె! పడ్డది గదా. పడ్డ మానును దూలం జేసుకుంటరు గాని, వంగలేదని తిట్టుకుంట కూసుంటరా బావా?"

అంబదాసు మీసం ఇటునుంచి అటు కదిలింది. లోపల్నుంచి ఆయన తల్లి వీరవ్వ కిసుక్కున నవ్వింది. "దాని నోటికన్న ఒక పని ఇయ్యిరా కొడుకా!"

"మగ్గం తొక్కడానికి రెండు కాళ్ళు గావాలె. నీకున్నది ఒకటిన్నర," అన్నాడు అంబదాసు. "పోగులతికే పని నేర్చుకో. మూడు పడుగులిస్త. మూడింట్ల ఒక్కటన్న అతికితే ఆ పని నీదే. లేకపోతే మళ్ళ ఈ వాడకు రావొద్దు."

పోగులతికే పనంటే ఇది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తుంది. దాని ఒక్కో పోగు కొసకు కొత్త పడుగులోని ఒక్కో పోగును అతకాలి. వేలికి బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి మెలిపెట్టాలి. ఆ తర్వాత పోగులన్నీ దువ్వెనలాంటి అచ్చులోంచి, దాని పళ్ళ సందుల్లోంచి దూరి రావాలి. పడుగుకు మూడువేల పోగులని సాలెవాళ్ళంటారు. వాళ్ళకు తగ్గించి చెప్పే అలవాటు. ముప్పైవేలుంటాయి.

అన్నేళ్ళూ ఆ పని చేసింది వీరవ్వే. ఆమెకు చూపు పోయింది. అయినా వేళ్ళకు కళ్ళుండేవి. కానీ ఇప్పుడు ఎనభై దాటాయి, పందొమ్మిది మగ్గాలు ఆమె కోసం కాచుకుని ఉన్నాయి.

మొదటి వారం అయిలయ్య మొదటి పడుగు అతికాడు. ప్రతి పోగుకూ మోకుకు వేసే ముడి వేశాడు. గీతగాడి ముడి! ఏనుగును కట్టినా విడదు. అచ్చులోంచి లాగితే ఒక్క పోగు దూరలేదు. ముళ్ళన్నీ పళ్ళ సందుల్లో ఇరుక్కుని, పోగులు పటపటా తెగాయి.

"ఇది చీరనా, తాటిచెట్టా? ఎవరన్న ఎక్కుతున్నరా దీన్ని?" అని వాడంతా నవ్వింది.

రెండో వారం రెండో పడుగు. ఈసారి మెలిపెట్టాడు. కానీ మెలి మీద నమ్మకం కుదరలేదు. ఎవరూ చూడకుండా, ప్రతి మెలి పక్కనా నువ్వుగింజంత ముడి వేశాడు. లాగారు. ఇరుక్కుంది. తెగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే బాగుండేదనిపించింది అయిలయ్యకు.

మూడో వారం వీరవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన మెలిపెడుతుంటే వెనకే ఆమె వేళ్ళు నడిచాయి. ముడి తగిలిన చోటల్లా వేలి మీద ఒక్కటిచ్చింది. ముడి విప్పించింది. మొదటి రోజు నూరు దెబ్బలు. రెండో రోజు పది. మూడో రోజు ఒక్కటి. మిగతా రోజులు ఆమె వేళ్ళు ఊరికే నడిచాయి.

వారం ఆఖరు రోజు పడుగంతా అతికాడు. చెమట తుడుచుకున్నాడు. అచ్చులోంచి లాగుదామంటే చెయ్యి కదలదు.

"ఏమైంది బిడ్డా?"

"భయమైతుంది అవ్వా. ముడి లేకుంట ఎట్ల నిలుస్తది? ఒక్క ముడి జారితే ఏమైందో విన్నవు గదా. ఇక్కడ ఒక్క ముడీ లేకపాయె."

సరిగ్గా అప్పుడే బయట మన్నుపని గుంపు కదిలింది. లస్మవ్వ నెత్తిన మూటతో, చెరో పక్క పిల్లలతో వాకిట్లోకి వచ్చి నిలబడింది. "పోయొస్త," అనడానికి నోరు తెరిచింది. మాట రాలేదు.

వీరవ్వ ఆ మాట రాకపోవడం విన్నది.

"అంబదాసూ, ఈ పడుగు ఆ కొసను దూలానికి కట్టు. ఈ కొసను అయిలయ్య నడుముకు చుట్టు."

"అవ్వా, పడుగు పాడైతది!"

"నీ మీసం పాడైతది. కట్టు!"

కట్టారు. అయిలయ్య నడుము చుట్టూ పడుగు. మధ్యలో ఆయన అతికిన ముప్పైవేల మెలికలు.

"ఇప్పుడు ఒరుగు," అంది వీరవ్వ.

పడిన నాటి నుంచి అయిలయ్య వెనక్కి ఒరగలేదు. గోడకు కూడా ఒరగలేదు. పడుగును రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ పట్టుకు దూలం కూడా కొంచెం మూలిగింది.

"చెట్టు మీద నిన్ను ఒక్క ముడి మోసింది బిడ్డా. అది అలిసిపోయింది. ఇక్కడ ఒక్కటి అలిసిపోతే పక్కది మోస్తది. అది అలిసిపోతే ఆ పక్కది. ఒరుగు."

అయిలయ్య లస్మవ్వను చూశాడు. కళ్ళు మూసుకుని ఒరిగాడు.

ఈగ ఎగరలేదు. కోడి కూయలేదు. గాలి ఆ వాడకు వచ్చి, చూసి, బయటే నిలబడింది.

పడుగు నిలిచింది. అయిలయ్య గాలిలో కూర్చున్నాడు. మునుపటిలా, ఉడతలు సిగ్గుపడినప్పటిలా.

లస్మవ్వ మూట దించింది. ఆ మూట నేలకు తగిలిన చప్పుడు ఎంతో చిన్నది, అయినా ఊరంతటికీ వినిపించింది. పడుగు అచ్చులోంచి వెన్నలో వేలు దిగినట్టు దూరింది. గుంపు వాగు దాటిపోయింది, ముగ్గురు మనుషులు తక్కువగా.

ఆ తర్వాత అయిలయ్య ఎంత పనివాడయ్యాడంటే, తుమ్మేలోగా పడుగు అతికేవాడు. రెండుసార్లు తుమ్మితే రెండు పడుగులు. ఆ మాట ఆనోటా ఈనోటా పాకింది. బతుకు విరిగినవాళ్ళంతా ఆయన పోగులతికే అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. భుజం పడిపోయిన కుమ్మరి వచ్చాడు. రేవు ఎండిపోయిన చాకలి వచ్చాడు. చెయ్యి వణికే మంగలి వచ్చాడు. ఆ అరుగు అప్పట్లో మూరెడు. జనం వచ్చేకొద్దీ అదే పెరిగింది, ఎవరూ కట్టలేదు.

అయిలయ్య ఎవరినీ వయసు అడగలేదు. "నీ చేతులకు ఏం పని తెలుసు?" అని ఒక్కటే అడిగేవాడు. పాత పని కొత్త పనిలోకి తప్పై వస్తుందని ఆయనకు తెలుసు. కుమ్మరి పోగును నీళ్ళలో నానబెట్టాడు. చాకలి తడిబట్టలా పిండాడు. మంగలి కొసలన్నీ కత్తిరించి సమానం చేసి, బాగుందా అని అడిగాడు! అయిలయ్య నవ్వి, పోగులు ఏరి, మళ్ళీ వాళ్ళ చేతిలో పెట్టేవాడు. "నేనైతే పోగును చెట్టుకు కట్టినట్టు కట్టిన. నువ్వు నయమే," అనేవాడు.

ఎన్నో ఏళ్ళు గడిచాయి. అంబదాసు మీసం తెల్లబడింది. వీరవ్వ పోయింది. లస్మవ్వ కూడా పోయింది. అయిలయ్య వెంట్రుకలు నూలుకన్నా తెల్లగా అయ్యాయి. అప్పుడు వచ్చింది బీరవ్వ. గొర్లన్నీ రోగంతో పోయిన గొల్లామె, అరవై ఏళ్ళది. వచ్చి మూడు రోజులైంది. ఇంకా ఒక్క పోగు కూడా సరిగా అతకలేదు.

ఆ మూడో రోజు అయిలయ్య ఒక పడుగు అతికాడు. ఒకే ఒక్క పోగు మిగిలింది. దాని రెండు కొసలు వేళ్ళ మధ్య పట్టుకుని, "నేను అలిసిన బిడ్డా, ఇది నువ్వు పట్టుకో," అని బీరవ్వ చేతిలో పెట్టాడు. పడుగు వైపు కొంచెం ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

దహనమైంది. దినాలయ్యాయి. బీరవ్వ వచ్చి ఆ పడుగు ముందు కూర్చుంది. పనిమంతులు వచ్చి, "నీకు రాదవ్వా, లే, మేం అతుకుతం," అన్నారు.

"రాదని ఆయనకు తెల్వదా?" అంది బీరవ్వ. "తెలిసే ఇచ్చిండు."

వాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు. బీరవ్వ బూడిద అద్దుకుంది. మెలిపెట్టింది. జారింది. మళ్ళీ పెట్టింది. జారింది. మూడోసారి నిలిచింది. ఆ చీర అంచున ఆ ఒక్క పోగూ కొంచెం లావుగా ఉంటుంది. వేలితో తడిమితే తగులుతుంది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పడుగు అతికేటప్పుడు ఆఖరి పోగును పనివాళ్ళు ముట్టుకోరు. ఎంత తొందరైనా ముట్టుకోరు. వీధిలోకి వచ్చి, "కొస పోగున్నది! పని రానోళ్ళెవరన్న ఉన్నరా?" అని కేకేస్తారు. దారినపోయేవాళ్ళు వస్తారు, కొత్త కోడళ్ళు వస్తారు, కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు వస్తారు. ఎవరు వచ్చినా చోటిచ్చి కూర్చోబెడతారు. వేలికి బూడిద వాళ్ళే అద్దుతారు. పోగు జారితే ఎవరూ నవ్వరు. అతికేదాకా మగ్గం ఆగుతుంది.

అతికినవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఆపరు. కాకపోతే వాళ్ళు లేచేలోగా పక్కనే ఇంకో పడుగు పరిచి ఉంటుంది.