అలుగుకు అడ్డం పడ్డ గూళ్లు

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఓ వానకుంట. గుట్ట మీద కురిసిన వానంతా జారివచ్చి అందులో పడుకునేది. కుంట నిండితే, ఓ మూలనున్న రాళ్ల సందులోంచి నీళ్లు మెల్లగా బయటికి నడిచిపోయేవి. ఆ సందునే అలుగు అనేవారు.

కుంట మీదికి వంగిన ఈతచెట్టుకు గరికయ్య అనే గిజిగాడు గూడు అల్లేవాడు. పనిలో ఘనుడే, కాదనను. అతను వేసిన ముడి గాలివానకు కూడా ఊడదు. కానీ మిగిలిన గడ్డిపోచల్ని ముక్కుతో కుంటలోకి నెట్టేవాడు. అవి పడవల్లా తేలుతూ, నీళ్లలో కనిపించే మబ్బుల మీదుగా వెళ్తుంటే అరమోడ్పు కళ్లతో చూసేవాడు. కాసేపటికి అవి మునిగిపోయేవి. నీళ్లు మింగేశాయిలే అనుకునేవాడు.

మొదటి గూడు అతని భార్య జొన్నమ్మకు నచ్చలేదు. గుమ్మం ఇరుకుగా ఉందంది. గరికయ్య చిన్నబుచ్చుకుని, దాన్ని తెంచి కుంటలో పడేశాడు. రెండోది గాలికి మరీ ఊగుతోందంది. అదీ కుంటపాలైంది. మూడోది నీళ్లకు దగ్గరగా, చల్లగా ఉందని మురిసిపోయి, అందులో మూడు గుడ్లు పెట్టింది.

ఒకరోజు తాబేలు తాత వచ్చాడు. గడ్డి అడుగున కుళ్లుతోందని, ఊపిరాడక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని చెప్పాడు. ఆ చెత్తేదో ఒడ్డున పోసుకోమన్నాడు.

"ఇంత కుంటకు నా నాలుగు పోచలు ఏపాటి, తాతా?" అన్నాడు గరికయ్య. మళ్లీ తన పడవలు చూసుకోవడంలో పడ్డాడు.

అంతలో వాన పట్టుకుంది. సన్నగా, జోలపాటలా, మూడు రోజులు కురిసింది. మూడో రోజు మధ్యాహ్నం గరికయ్యకు కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి నీళ్లు గూటికి బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"ఏమయ్యా, గుడ్లు మునిగిపోతాయి," అంది జొన్నమ్మ. గుడ్లను ఎత్తుకుపోవడానికి పిట్టలకు చేతులుండవు కదా.

గరికయ్య ఒక్క ఉదుటున అలుగు దగ్గరికి ఎగిరాడు. రాళ్ల సందులో తన పాత గూళ్లు రెండూ ఇరుక్కుని ఉన్నాయి. పోచలన్నీ వాటి చుట్టూ చేరి చాపలా కమ్ముకున్నాయి. తాబేలు తాత అప్పటికే లాగి లాగి అలసిపోయాడు.

"నా వల్ల కాదు అబ్బాయ్," అన్నాడు తాత. "నువ్వు వేసిన ముడి, నువ్వే విప్పాలి."

తాత వీపు మీద నిలబడి గరికయ్య ఒక్కో ముడీ విప్పాడు. ఇంత గట్టిగా ఎందుకల్లానా అని తనను తానే తిట్టుకున్నాడు. ముక్కు చీరుకుని నెత్తురొచ్చింది. చివరి ముడి వీడగానే నీళ్లు గుడగుడమంటూ దారి పట్టాయి. గూటి అడుగు తడిసింది గానీ గుడ్లు తడవలేదు.

విప్పిన గడ్డినంతా గరికయ్య ఈతచెట్టు మొదట్లో కుప్ప పోశాడు. మరుసటి వానాకాలానికి అది నల్లటి మట్టయింది. అందులో కొత్త గడ్డి మొలిచింది. ఆ గడ్డితోనే అతను కొత్త గూడు మొదలుపెట్టాడు. మిగిలిన పోచ ఒకటి ముక్కున పట్టుకుని, నీళ్లలోని మబ్బుల వంక కాసేపు చూశాడు. తర్వాత కిందికి దిగి, దాన్ని కుప్ప మీద పెట్టాడు.

నీతి: మన వాకిట్లోని చెత్తను నీళ్లలో పారేస్తే నీళ్లు దాన్ని మింగవు, మన గుమ్మానికే తెచ్చి అప్పగిస్తాయి.