తలపాగా తర్వాత తలంటు

వెనకటికి వజ్రకోట అనే రాజ్యాన్ని ప్రచండసేనుడనే రాజు ఏలేవాడు. మనసు వెన్నే గానీ తొందర జాస్తి. పైగా తనంత తెలిసినవాడు భూమ్మీద లేడని ఆయన గట్టి నమ్మకం.

ఒకనాడు ఆయనకు కోట వాకిలి నుంచి అంగడి వీధి చివరిదాకా రాజబాట వేయించాలని బుద్ధి పుట్టింది. ఓబులేసు అనే మేస్త్రీని పిలిచి, "నా పుట్టినరోజుకి అంబారీ మీద ఊరేగుతాను. బాట అద్దంలా ఉండాలి!" అన్నాడు.

"దొరా, ముందు కింద పనులు..." అని ఓబులేసు ఏదో చెప్పబోయాడు.

"నోర్ముయ్! నాకే చెబుతావా?"

ఓబులేసు ఆలుబిడ్డలతో ఎండనక వాననక రాళ్లు పరిచి, దిమ్మిస కొట్టి బాట వేశాడు. ఊరంతా భలే అంది. ఆ మురిపెం ఎంతసేపు! మంచినీళ్ల అధికారి వచ్చి, రాణివాసానికి గొట్టాలు వేయాలని నడిమధ్య తవ్వించాడు. ఓబులేసు పూడ్చాడు. అది గట్టిపడకముందే మురుగుకాలవల అధికారి దిగి మళ్లీ తవ్వించాడు. ఓబులేసు మళ్లీ పూడ్చాడు. ఆనక దీపస్తంభాలవాడు గుంతలు తీశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అందరి చేతుల్లోనూ రాజుగారి ఆజ్ఞే! ఈలోగా వాన పడి బాట కాస్తా అతుకులబొంత అయి కూర్చుంది.

అది చూసి రాజు మండిపడ్డాడు. "చేతకాని వెధవ! రేపు నా పుట్టినరోజు కొలువు కాగానే వీడు ఇంటిల్లిపాదితో పొలిమేర దాటాలి!"

ఓబులేసు పరుగున పోయి ఆస్థాన విదూషకుడు బైచన్న కాళ్ల మీద పడ్డాడు. "సామీ, ముసలమ్మ ఉంది, చంటిబిడ్డ ఉంది. వీళ్లనేసుకుని యాడికి పోదును?"

బైచన్న అతణ్ణి లేవనెత్తాడు. కానీ రాజు చెబితే వినే రకమా? అనుభవిస్తే తప్ప తలకెక్కదని అనుకున్నాడు. అభ్యంగనం చేయించే నౌకర్లను పిలిచి ఏదో చెవిలో ఊదాడు.

మర్నాడు పొద్దున్నే అంతఃపురానికి వెళ్లాడు. "ప్రభూ, ఈ శుభదినాన తమకు తలపాగా చుట్టే భాగ్యం నాకివ్వండి."

"సరే, కానీ, త్వరగా!" అన్నాడు రాజు.

బైచన్న పట్టు తలపాగా చుట్టి, కలికితురాయి గుచ్చాడు. రాజు అద్దం చూసుకుని మీసం దువ్వుకుంటున్నాడో లేదో, నూనె గిన్నెతో ఒకడొచ్చాడు. "తలంటాలి ప్రభూ." తలపాగా విప్పి తలకు నూనె పట్టించారు. జిడ్డు తల మీదే బైచన్న మళ్లీ చుట్టాడు. అంతలో కాగు నీళ్లతో ఇంకొకడు. "తలస్నానం ప్రభూ." మళ్లీ విప్పారు. తడి తల మీదే బైచన్న మళ్లీ చుట్టాడు. సాంబ్రాణి పొగతో మరొకడు గుమ్మంలో కనబడేసరికి రాజుకు ఒళ్లు మండిపోయింది.

"ఆగండ్రా! తలంటి, నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టాక కదా తలపాగా! చంటిపిల్లలకు కూడా తెలుస్తుందే! చూడు, దీని గతేమైందో!"

"అవును ప్రభూ, చేతకాని తలపాగా! దీన్ని పొలిమేర దాటించండి."

"తలపాగా ఏం చేసిందిరా?"

"ఓబులేసు ఏం చేశాడో అదే చేసింది ప్రభూ. నూనెవాడు నీళ్లవాణ్ణి అడగలేదు, నీళ్లవాడు నన్నడగలేదు. అందరం తమ ఆజ్ఞే పాటించాం. పాపం, ఓబులేసు ముందే చెప్పబోయాడు, తమరే నోరు నొక్కేశారు."

రాజు గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. కాసేపు గుడ్లురిమి చూశాడు. ఆ తర్వాత పొట్ట చేత్తో పట్టుకుని పకపకా నవ్వాడు.

కొలువులో తన చేతి కడియం తీసి బైచన్నకు తొడిగాడు. అధికారులంతా ఓబులేసుతో కూర్చుని మాట్లాడుకోవాలని, కింద పనులన్నీ అయ్యాకే పైన రాయి పరచాలని, అప్పటిదాకా ఊరేగింపు లేదని చాటించాడు. తర్వాత కొత్త పట్టు తలపాగా తెప్పించి, కొలువులో ఓ మూల నిలబడ్డ ఓబులేసు దగ్గరికి వచ్చాడు.

"తలకు పోసుకున్నావుటోయ్?"

ఓబులేసు బిక్కమొహం వేశాడు. "తెల్లారే పోసుకున్నా దొరా."

"బాగా ఆరిందా?"

"ఆరింది దొరా."

"అయితే ఇక నేను చుట్టొచ్చు," అంటూ రాజు తన చేతులతోనే ఓబులేసుకు తలపాగా చుట్టాడు.