రాజు లేని తాటాకు

అనగనగా ఒక రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరికీ రాజ్యం పంచేసరికి చిన్నవాడు హేమధన్వుడికి పిడికెడు మట్టి కూడా మిగల్లేదు. ఇంకెక్కడైనా రాజ్యం దొరక్కపోతుందా అని ఏడు సముద్రాలు దాటి వెళ్ళాడు.

అక్కడ కొండవాళ్ళు, ఏటివాళ్ళు, కడలివాళ్ళు అని మూడు జనాలు, ఒకరంటే ఒకరికి పడదు. అందరినీ భస్మకేతుడనే మాంత్రికుడు పీడిస్తున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. హేమధన్వుడు నానా తిప్పలూ పడి చిలకను పట్టాడు. మాంత్రికుడు మూర్ఛపోయాడు. ఇక మెడ నులమడమే మిగిలింది.

"బాబూ, వాడు నన్ను అడక్కుండానే నాలో ప్రాణం దాచుకున్నాడు. నా తప్పేముంది?" అంది చిలక.

రాకుమారుడికి చంపడానికి చేతులు రాలేదు. ఇంకో దారి లేదా అని అడిగాడు. ఈ జనాల తగవే మాంత్రికుడి బలమనీ, వీళ్ళు ఒక్క మాట మీదికొస్తే వాడే నశిస్తాడనీ చిలక చెప్పింది. పున్నమి దాటితే మాత్రం వాడు లేస్తాడు, అప్పుడు తనను చంపక తప్పదంది.

వాళ్ళను ఒక్క మాట మీదికి తేవాలని హేమధన్వుడు ఒక్కడే కూర్చుని తాటాకు మీద చట్టం రాసేశాడు. మొదటి మాటే 'హేమధన్వుడు రాజు' అని. మనవాడికి ఆశ తక్కువేం కాదు. ఎవరూ ఒప్పుకోలేదు.

"ఆ మాంత్రికుడూ మమ్మల్ని అడగలేదు, నువ్వూ అడగలేదు" అంది ఏటివాళ్ళ నాయకుడి కూతురు పైడి.

నిజమే కదా పిల్లలూ. ఈసారి కొత్త ఆకూ ఘంటమూ వాళ్ళకే ఇచ్చాడు. ఇక చూడండి గొడవ. అడవి మాదని కొండవాళ్ళు, నీళ్ళు మావని ఏటివాళ్ళు, రేవు మాదని కడలివాళ్ళు. అలిగారు, లేచిపోయారు, మళ్ళీ వచ్చారు. చివరికి ఎవరిది వాళ్ళే కాచుకోవాలనీ, అక్కరపడి వచ్చినవాళ్ళను కాదనకూడదనీ రాసుకున్నారు. పెద్దరికం ఏడాదికొకరిది. రాజు అన్న మాటే వద్దన్నది హేమధన్వుడే. చిలక బతికితే చాలనిపించింది అతనికి.

పున్నమినాడు ఆ రాతకు కట్టుబడతామని ఒట్టు పెట్టుకునే దగ్గర అంతా బెడిసింది. కొండవాళ్ళు జొన్నల మీద, ఏటివాళ్ళు నీళ్ళ మీద, కడలివాళ్ళు ఉప్పు మీద తప్ప ఒట్టు పెట్టరు. ఒకరి ఒట్టు ఇంకొకరికి చెల్లదు. పొద్దు వాలుతోంది. చిలక కళ్ళు మూసుకుంది.

పైడి కుండలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. జొన్నపిండి కలిపింది, ఉప్పు వేసింది. అంబలి ఉడికింది. ముగ్గురు పెద్దలూ ఆ కుండ మీదే ఒట్టు పెట్టుకుని, తలా ఒక దొప్పెడు తాగారు.

చిలక గట్టిగా తుమ్మింది. అక్కడ మాంత్రికుడు బూడిదయ్యాడు.

"ఇప్పుడు నాలో నా ప్రాణం ఒక్కటే ఉంది. ఎంత తేలిగ్గా ఉందో" అంటూ చిలక ఎగిరిపోయింది. చూస్తూ హేమధన్వుడు కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత పైడికీ అతనికీ పెళ్ళయింది. పెళ్ళిపందిట్లో మూడు జనాలూ మళ్ళీ దెబ్బలాడుకున్నారు. తాటాకు తెచ్చి చదువుకుని, ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు.

"పాపం, నీకు రాజ్యం దొరకలేదే" అంది పైడి.

"నిన్ను అడిగాను, సరేనన్నావు. ఇంకేం కావాలి?" అన్నాడు.

ఆ దేశాన్ని నూరేళ్ళు ఏలింది తాటాకే. వాళ్ళిద్దరూ దాని నీడన, అందరితోపాటు, చల్లగా బతికారు.