ముప్పై రెండు రెక్కల దూరంలో బడి

అనగనగా ఒక అడవి అంచున, ఒక జొన్నచేలో, నూట నలభై నాలుగు గింజలు ఉండేవి. ఆ గింజలకి ఒక యజమాని ఉండేవాడు. అతని పేరు చుక్కన్న. అతనొక కౌజుపిట్ట.

చేను నిండా గింజలుంటే నూట నలభై నాలుగేమిటి అంటారా? అవి చుక్కన్న స్వయంగా కూడబెట్టుకున్నవి. చిన్న గుంట తవ్వి, వరసకి పన్నెండు చొప్పున పన్నెండు వరసలు పేర్చాడు. రోజూ పొద్దున్నే లెక్క చూసుకునేవాడు. లెక్కలంటే అతనికి అంత పిచ్చి. వాన వస్తే చినుకులు లెక్కపెట్టేవాడు. భార్య సజ్జమ్మ కోప్పడితే, "ఈ వారంలో ఇది ఆరోసారి" అనేవాడు. దాంతో ఏడోది కూడా అప్పుడే అయిపోయేది.

వాళ్ళకి ఐదుగురు పిల్లలు. కొర్ర, సామ, ఊద, అరిక, అండుకొర్ర. ఆఖరిదైన అండుకొర్ర ఉసిరికాయంత ఉంటుంది. ఐదుగురికీ ఇంకా నూగే తప్ప రెక్కలు రాలేదు.

ఒకరోజు చేలోకి కొడవళ్ళు వచ్చాయి. చుక్కన్న గట్టెక్కి చూశాడు.

"అరవై సాళ్ళు ఉన్నాయి. రోజుకి పదిహేను కోస్తున్నారు. మనది ఆఖరి సాలు. సజ్జా, మనకి నాలుగు రోజులుంది!"

"నీ లెక్క సరే," అంది సజ్జమ్మ. "ఈసారి పిల్లల్ని బళ్ళో వెయ్యాలి. ఇల్లు బడికి దగ్గరగా చూడు."

బడి అడవిలో ఒక రేగుపొద కింద ఉంది. పంతులు ముళ్ళపంది మాస్టారు. ఎదురుగా ఉన్న పుట్ట మీదకి ఎండ రాగానే పాఠం మొదలుపెట్టేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయట నిలబడాల్సిందే. బడి తెరిచిన మొదటి ఐదు రోజులూ మొదటి గంటలో ఒకటే పాఠం. గద్ద నీడ పడితే ఎక్కడివాళ్ళక్కడ రాయిలా ఆగిపోవాలి. ఆరో రోజు నుంచి వేరే పాఠాలు. గద్ద పాఠం మళ్ళీ వచ్చే ఏడే.

ఆ మాత్రం ఇంట్లో చెప్పలేరా అంటారా? చుక్కన్న చెప్పి చూశాడు. "ఊఁ, కదలకండి!" అన్నాడు. ఐదుగురూ ఒకరికొకరు కితకితలు పెట్టుకుని దొర్లి దొర్లి నవ్వారు. మాస్టారు ముళ్ళు నిక్కబొడుచుకుని చెబితే గాని ఆ పాఠం ఒంటబట్టదు.

ఆ అడవిలో ఇళ్ళు చూపించే బ్రోకరు తొండ తలుపులయ్య. అతని తల ఎప్పుడూ పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఎవరేం అడిగినా అవునన్నట్టే కనిపిస్తుంది. అందుకే అతని వ్యాపారం మూడు పొదలు, ఆరు పుట్టలుగా సాగేది.

తలుపులయ్య మొదట ఒక పుట్ట చూపించాడు. లోపల చల్లగా ఉంది. గుమ్మానికి తెల్లగా, పల్చగా, పొడుగ్గా ఏదో వేలాడుతోంది.

"అదేమిటి?" అన్నాడు చుక్కన్న.

"జరీ తెర. ఇంటాయన సరదా మనిషి."

"ఇంటాయన కూడా ఇక్కడే ఉంటాడా?"

తలుపులయ్య తల ఊపాడు. "పగలంతా తిరుగుతాడు. పొద్దుగూకే వేళకి వస్తాడు. పిల్లలంటే మహా ఇష్టం."

సజ్జమ్మ ఆ తెరని ముక్కుతో తాకి చూసింది. అది పాము కుబుసం. ఆమె మొగుడి తోక పట్టుకుని బరబరా ఇవతలికి లాక్కొచ్చింది.

రెండో ఇల్లు తంగేడు పొద. బడి వెనకే. కానీ ఇరుకు. కొర్ర ఇటు తిరిగితే అరిక అటు తిరగాలి. పైకొమ్మ మీద రెండు గోరింకలు పోట్లాడుకుంటున్నాయి.

"ఇవెప్పుడూ ఇంతేనా?" అన్నాడు చుక్కన్న.

తలుపులయ్య తల ఊపాడు. "ఆ పోట్లాట వినడానికే చాలామంది ఇక్కడ దిగుతారు. అడ్వాన్సు తొంభై గింజలు."

మూడో ఇల్లు దూరంగా ఒక మిట్ట మీద జిల్లేడు పొద. ఎంత బాగుందో! చల్లటి గాలి. పిల్లలు పొర్లడానికి మెత్తటి మట్టి. గుమ్మం ముందే చెదపురుగులు. పొద్దున లేచి నోరు తెరిస్తే టిఫిను అయిపోతుంది. అడ్వాన్సు నలభై గింజలే.

చుక్కన్న మనసు లాగేసింది. "బడికెంత దూరమో కొలిచొస్తానుండు," అని రివ్వున ఎగిరాడు. ఒకసారి రెక్క కొడితే ఒకటి. అలా లెక్కపెట్టుకుంటూ వెళ్ళి తిరిగొచ్చాడు.

"సజ్జా! ఇక్కడి నుంచి బడి ముప్పై రెండు రెక్కలు. తంగేడు పొద నుంచి పది రెక్కలు. తేడా ఇరవై రెండు. ఇరవై రెండు రెక్కల కోసం యాభై గింజలు ఎక్కువ పెడతామా?"

"నడిచి చూశావా?" అంది సజ్జమ్మ.

"నడవడమెందుకు? కొలిచాను కదా!"

తలుపులయ్య తల ఊపాడు. చుక్కన్న నలభై గింజలు లెక్కపెట్టి ఇచ్చేశాడు. సామాను సర్దుకుని మిట్ట మీదకి మారిపోయారు.

బడి తెరిచారు. మొదటిరోజు చుక్కన్న పిల్లలకి నుదుటి నూగు దువ్వి, "ముప్పై రెండు రెక్కలే! బయల్దేరండి!" అన్నాడు. తను రివ్వున ఎగిరి ముందే రేగుపొద దగ్గర వాలాడు. ఎలుకపిల్లలు వచ్చాయి. కుందేలు పిల్లలు వచ్చాయి. పుట్ట మీదకి ఎండ వచ్చింది. పాఠం మొదలైంది. పాఠం అయిపోయింది. అప్పుడు ఐదుగురూ దుమ్ము కొట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు.

"దారిలో ఆడుకున్నారా?" అని చుక్కన్న కళ్ళెర్రజేశాడు.

"లేదు నాన్నా, వాగు వచ్చింది," అంది సామ.

"వాగా? నాకెక్కడా తగల్లేదే!"

ఇంటికొచ్చి చెబితే సజ్జమ్మ మళ్ళీ అడిగింది. "నడిచి చూశావా?"

"రేపు ఇంకాస్త ముందు పంపిద్దాం," అన్నాడు చుక్కన్న.

రెండోరోజు ఇంకాస్త ముందు పంపాడు. పిల్లలు నూగు నిండా ముళ్ళతో వచ్చారు. ఆరోజూ పాఠం అయిపోయింది.

"కంచె వచ్చింది నాన్నా," అంది ఊద.

"దాని మీదుగా రావచ్చు కదా!" అన్నాడు చుక్కన్న. పిల్లలు ఐదుగురూ తమ చిట్టి చేతుల్లాంటి రెక్కల వైపు చూసుకున్నారు. తర్వాత నాన్న వైపు చూశారు.

మూడోరోజు తెల్లారకముందే లేపితే, అండుకొర్ర దారి మధ్యలో నిద్రపోయింది. నలుగురూ దాన్ని దొర్లించుకుంటూ బడికి తెచ్చారు.

మాస్టారు చుక్కన్నని పిలిచారు.

"ఏమయ్యా, లెక్కలవాడివట. ఐదులో మూడు పోతే ఎంత?"

"రెండు మాస్టారూ."

"ఆ రెండు రోజులూ పోతే?"

చుక్కన్న కాలివేళ్ళు లెక్కపెట్టబోయాడు.

"నీ పిల్లలకి గద్ద నీడకీ మబ్బు నీడకీ తేడా తెలియదు. ఎల్లుండితో ఆ పాఠం ఆఖరు. ఆపైన నేను చెప్పను. గద్దే చెబుతుంది," అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం సజ్జమ్మ మూడోసారి అడిగింది. ఈసారి గొంతు పెంచలేదు. "నడిచి చూశావా?"

"రేపు నడుస్తాను," అన్నాడు చుక్కన్న.

నాలుగోరోజు పిల్లలతో కలిసి నడక మొదలుపెట్టాడు. సజ్జమ్మ వెనకాల వచ్చింది. "ఒకటి, రెండు, మూడు..." వందకి అతనికి కాళ్ళు నొప్పి పుట్టాయి. రెండు వందల పదకొండుకి వాగు వచ్చింది. నీళ్ళు లేవు గాని ఇసుక. ఒక అడుగు పైకేస్తే అర అడుగు కిందకి జారుతోంది. చుక్కన్న మెల్లగా రెక్క విప్పాడు.

"నాన్నా, తొండి!" అని అరిచారు పిల్లలు.

రెక్క ముడుచుకున్నాడు. అప్పుడు పక్కన చూస్తే, తను ఒక అడుగు వేసేలోగా అండుకొర్ర మూడు అడుగులు వేస్తోంది. చుక్కన్న ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ అతను బడి దూరాన్ని మూడుతో హెచ్చవేయలేదు.

ముళ్ళకంచె దగ్గర పొట్ట నేలకి ఆనించి దూరారు. అవతల చెట్టూ పుట్టా లేని బీడు. "ఆరు వందల నలభై..." అంటుండగా నేల మీద ఒక నీడ కదిలింది.

"కదలొద్దు!" అని అరిచాడు చుక్కన్న.

పాఠం రాని పిల్లలు నాలుగు దిక్కులా పరిగెత్తారు. నలుగురు కంచెలో దూరారు. సజ్జమ్మ రెక్కలు చాపి వాళ్ళని కప్పేసింది. అండుకొర్ర మాత్రం బీడులోకి పరిగెత్తింది. నీడ దాని వెంటే పరిగెత్తింది.

చుక్కన్న ఒక రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, కీచుకీచుమని అరుస్తూ గద్దకి ఎదురెళ్ళాడు. గద్ద చూసింది. ఉసిరికాయ కన్నా ఇదే నయమనుకుంది. అతని మీదకి దూకింది. చుక్కన్న ఒక్క ఉదుటున ముళ్ళకంచెలోకి దూరిపోయాడు. దూరింది అతనే గాని, తోకలో మూడు ఈకలు గద్ద నోట్లో ఉండిపోయాయి. అది వాటిని ఉమ్మేసి, విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

అండుకొర్ర వణుక్కుంటూ వచ్చింది. "నాన్నా, ఇప్పటికి ఎన్ని అడుగులయ్యాయి?"

చుక్కన్న దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. "ఏమోనే. మర్చిపోయాను."

"నాన్న లెక్క మర్చిపోయాడు!" అని ఐదుగురూ గొల్లుమన్నారు. గద్దని చూసినప్పుడు కూడా వాళ్ళు అంత భయపడలేదు.

బడికి చేరేసరికి ఆరోజు పాఠం కూడా అయిపోయింది. మాస్టారు చుక్కన్న తోక వైపు చూసి, "రేపొక్కటే మిగిలింది," అన్నారు. అంతే.

చుక్కన్న అందర్నీ వెంటబెట్టుకుని, మిగిలిన నూట నాలుగు గింజలూ మూటగట్టుకుని తలుపులయ్య దగ్గరికి వెళ్ళాడు.

"బాబాయ్, మిట్ట మీద ఇల్లు ఖాళీ చేస్తాం. మా నలభై గింజలు తిరిగిస్తావా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలుపులయ్య తల ఊగడం ఆగిపోయింది.

"సరే, పోనీ," అన్నాడు చుక్కన్న. "తంగేడు పొద ఇంకా ఖాళీగానే ఉందా?"

తల మళ్ళీ ఊగింది. "ఉంది గాని, తెగ గిరాకీ. పొద్దుటి నుంచి పదిమంది అడిగారు. అడ్వాన్సు నూట పది చేద్దామనుకుంటున్నా."

చుక్కన్న మూట తడిమి చూసుకున్నాడు. నూట పదికి ఆరు తక్కువ. అప్పుడు సజ్జమ్మ ముందుకొచ్చింది.

"అన్నయ్యా, నిజంగా పదిమంది అడిగారా?"

తలుపులయ్య తల ఊపాడు.

"ఆ గోరింకల గోలకి ఒక్కరూ అడగలేదు కదా?"

తలుపులయ్య తల ఊపాడు.

"అయితే పాత తొంభైకే ఇస్తావు కదా?"

తల ఊగుతూనే ఉంది. ఆపుదామని తలుపులయ్య రెండు కాళ్ళతోనూ మెడ పట్టుకున్నాడు. అయినా ఊగింది. పక్కనే తంగేడు పొద మీద గోరింకలు కూడా పోట్లాట ఆపి నవ్వాయి.

"తొంభై పోతే పద్నాలుగు," అన్నాడు చుక్కన్న. "మనం ఏడుగురం. తలకి రెండు. ఫరవాలేదు, మళ్ళీ కూడబెడతాను."

"అయితే ఇచ్చెయ్యి," అని తలుపులయ్య కాలు చాచాడు.

చుక్కన్న మూట విప్పబోయి ఆగాడు. మూటని సజ్జమ్మకి ఇచ్చాడు.

"ఉండు బాబాయ్. నడిచొచ్చాక."

"బడి ఇక్కడే కనిపిస్తోంది కదయ్యా! పది రెక్కలని నువ్వే చెప్పావు!"

"రెక్కల లెక్క నాది. ఇది వేరే లెక్క."

చుక్కన్న తంగేడు పొద గుమ్మంలో నిలబడ్డాడు. మూడు ఈకలు తక్కువైన తోకని సర్దుకున్నాడు. అండుకొర్రని ముందు నిలబెట్టి, తను దాని వెనక్కి వెళ్ళాడు.

"నాన్నా, ఒకటి ఎవరనాలి?" అంది అండుకొర్ర.

"నువ్వే అనాలమ్మా. నీ అడుగు పడ్డాకే నా అడుగు."

అండుకొర్ర ఛాతీ పొంగించి, "ఒకటి!" అని అరిచింది. దాని బుల్లి అడుగు నేల మీద పడింది. వెనకాల చుక్కన్న కాలెత్తాడు.

నీతి: పిల్లలున్న ఇంటికి బడి ఎంత దూరమో తేల్చేది పెద్దల వేగం కాదు, అందరికన్నా చిన్న పాదం.