వి.పి.పి.లో వచ్చిన హార్మోనియం

ముంగలంకకి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా విశ్వనాథం ఇంటికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, ఒక మాట చెప్పేవాడు. "మా ఇంట్లో నలుగురం. నలుగురికీ తెలివే. ఊళ్ళోవాళ్ళు మాతో ఎక్కువ మాట్లాడరు. తట్టుకోలేరు పాపం."

ఆ నలుగురూ ఎవరంటే విశ్వనాథం, అతని భార్య కామాక్షి, తమ్ముళ్ళు మృత్యుంజయం, చిదంబరం. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివని ఆ ఇంటి నమ్మకం. మొన్న వానాకాలంలో డాక్టరుగారు "మందు వేసుకుని కదలకుండా పడుకో" అంటే, మృత్యుంజయం ఆస్పత్రి అరుగు మీదే మందు వేసుకుని రెండు రోజులు పడుకున్నాడు. చీమలు కుట్టినా కదల్లేదు.

విశ్వనాథానికి ప్రాణమంతా భజన మీదే. ఏటా ముక్కోటి ఏకాదశికి పక్క ఊళ్ళో భజన పోటీలు పెడతారు. ఏడాది మొత్తం మీద అతను బతికేది ఆ ఒక్క సాయంత్రం కోసమే. కానీ ఇంట్లో హార్మోనియం తిత్తులు ఎలకలు కొట్టేశాయి. కిందటేడు ఎంత ఊదినా గాలి తప్ప పాట రాలేదు. ముందు వరసలో ముసలాళ్ళు, చలేస్తోంది బాబూ, ఆ గాలి ఆపమన్నారు. ఈసారి మంచి హార్మోనియం లేకపోతే వేదిక ఎక్కనివ్వమని పోటీ పెద్దలు కబురు చేశారు.

ఇంకేముంది! విశ్వనాథం మద్రాసు కొట్టుకి కార్డు రాసి తొంభై రూపాయల హార్మోనియం పంపమన్నాడు. "వి.పి.పి.లో పంపుతున్నాం" అని జవాబొచ్చింది. ఆ వి.పి.పి. ఏమిటో తెలీక పోస్టుమేన్ నూకరాజుని పట్టుకున్నారు.

"ఏం లేదండి బాబూ," అన్నాడు నూకరాజు. "సరుకు ముందు మా పోస్టాఫీసుకొస్తాది. మీరు తొంభై రూపాయలు కట్టాలి. ఆ డబ్బుని మేం మనియార్డరు చేసి కొట్టువాడికి పంపుతాం. ఆ మనియార్డరు కూలి ఓ రూపాయిన్నర. మొత్తం తొంభై ఒకటిన్నర. కట్టాకే పార్సెలు మీది. ఏడు రోజుల్లో కట్టకపోతే పంపినోడికే తిరిగెళ్ళిపోద్ది. ఎప్పుడొస్తాదో చెప్పలేం, డబ్బు చేతిలో పెట్టుకుని కూర్చోండి."

అంతే. విశ్వనాథం డబ్బు చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం కామాక్షి కలిపి పెట్టింది. తల దురద పుడితే చిదంబరం గోకాడు. రాత్రి పిడికిలి బిగించే నిద్రపోయాడు. అయిదో రోజున కాలవకి స్నానానికెళ్ళాడు, పిడికిలితోనే. మూడు మునకలేశాడు. అలవాటు కొద్దీ దోసిలి పట్టి సూర్యుడికి అర్ఘ్యం వదిలాడు. నీళ్ళతో పాటు తొమ్మిది పదిరూపాయల నోట్లు, ఒక రూపాయి నోటు, ఒక అర్ధరూపాయి బిళ్ళ సూర్యనారాయణమూర్తికి చేరిపోయాయి.

గట్టు మీద కూలబడి విశ్వనాథం నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే విశ్వనాథం, నీ బుర్ర గుమ్మడికాయరా! గింజలు కూడా లేని గుమ్మడికాయ! అర్ఘ్యం ఒంటిచేత్తో వదిలితే ఏం పోయేదిరా?"

ఆ మర్నాడే పార్సెలు దిగింది. డబ్బేదీ? నూకరాజు పెట్టె చూపించి వెనక్కి పట్టుకుపోయాడు. పెట్టె అటు వెళ్తుంటే విశ్వనాథం వీధి చివరిదాకా దాని వెనకే నడిచాడు. వారం తిరిగితే అది మద్రాసు రైలెక్కేస్తుంది, తను ఏకాదశి నాడు జనంలో కూర్చుని ఇంకొకడి పాటకి తాళం వెయ్యాలి.

అప్పుడు చిదంబరం లేచాడు. ఇంటికల్లా వాడిదే పదును. "అన్నయ్యా, కొట్టువాడు ఏం చేశాడు? పెట్టె పంపాడు. పంపినందుకు తొంభై రూపాయలొస్తాయి. మనమూ ఓ పెట్టె పంపుదాం."

"ఎవరికిరా?"

"నమ్మకంగా డబ్బు కట్టేవాళ్ళకి. ఈ ఊళ్ళో మనకంటే నిజాయితీపరులు ఎవరున్నారు?"

విశ్వనాథం తమ్ముణ్ణి కావలించుకున్నాడు. ఎలకలు కొట్టిన పాత హార్మోనియం గోనెలో కుట్టారు. పంపినవారు విశ్వనాథం, అందుకునేవారు విశ్వనాథం, వెల తొంభై. పోస్టుమాస్టరుగారు ఆ చిరునామా రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, ముద్ర కొట్టారు.

మర్నాడు నూకరాజు దాన్ని మోసుకొచ్చి అరుగు మీద దించాడు. "తొంభై ఒకటిన్నర, బాబూ."

కామాక్షి లోపలికెళ్ళి నెయ్యి అమ్మి దాచుకున్న డబ్బు తెచ్చింది. లెక్కపెడితే సరిగ్గా తొంభై ఒకటిన్నర!

"ఇంత డబ్బుంటే నిన్న చెప్పలేదేమే?" అన్నాడు విశ్వనాథం.

"నన్నెవరడిగారు?"

నూకరాజు చేతులు జోడించాడు. "అమ్మా, బాబూ, మీకు దండం పెడతాను. ఇదే డబ్బు పోస్టాఫీసులో కట్టి కొత్తది తెచ్చేసుకోండి. ఈ పాతది ఒద్దని చెప్పండి, పంపినోడికి తిప్పేస్తాను."

"ఒద్దంటే పంపినవాడు ఏమనుకుంటాడు?"

"పంపింది తమరే కదండీ!"

"అందుకే. కొట్టువాడెవరో నాకు తెలీదు. నన్ను నేను పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును. తెలిసినవాణ్ణి మోసం చెయ్యమంటావా?" అని విశ్వనాథం డబ్బంతా లెక్కపెట్టి నూకరాజు చేతిలో పోసి, తన హార్మోనియం తను కొనుక్కున్నాడు.

ఏడో రోజు పొద్దున్న మనియార్డరు వచ్చింది. తొంభై రూపాయలు! ఇంట్లో పండగే పండగ. మృత్యుంజయం ఊరంతా తిరిగి, మా అన్నయ్య ఎలకలు కొట్టిన హార్మోనియం తొంభైకి అమ్మాడని చాటాడు. ఎవరికమ్మాడని అడిగితే, "ఎవడో అమాయకుడు దొరికాడు" అన్నాడు. విన్న విశ్వనాథానికి కూడా ఆ అమాయకుడి మీద జాలేసింది.

పరుగున పోస్టాఫీసుకెళ్ళారు. తొంభై పెట్టారు. రూపాయిన్నర తక్కువ. అది ఎక్కడ పోయిందో నలుగురూ చెట్టు కిందా బల్ల కిందా వెతికారు. తలుపులు మూసే వేళయింది. విశ్వనాథం కళ్ళలో నీళ్ళు చూసి నూకరాజు ఆగలేకపోయాడు. జేబులోంచి రూపాయిన్నర తీసి బల్ల మీద పెట్టాడు. "తీసుకెళ్ళండి బాబూ. రేపు బాగా వాయించండి, చాలు."

హార్మోనియం ఇల్లు చేరింది. విశ్వనాథం దాని మెట్ల మీద వేళ్ళు పెట్టాడో లేదో ఇల్లంతా మోగింది. ఆనందంతో ఏడ్చేశాడు. అంతలో చిదంబరం గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, కట్టాకే మనదన్నాడు. మనం తొంభయ్యే కట్టాం. పెట్టెలో రూపాయిన్నర వంతు నూకరాజుది."

విశ్వనాథం వేళ్ళు గభాల్న తీసేశాడు. పరాయి సొమ్ము! ఎంత పాపం! నలుగురూ కూర్చుని లెక్క కట్టారు. మెట్లు ముప్పై తొమ్మిది, ఒక్కో మెట్టూ రెండు రూపాయల పైమాటే. ఒకటిచ్చేస్తే రుణం తీరి పైన కాస్త కూడా ముట్టినట్టే.

"చివరది పీకిద్దాం, దాని జోలికి ఎవరూ పోరు," అన్నాడు మృత్యుంజయం.

"సిగ్గులేదురా? సాయం చేసినవాడికి పనికిరానిది ఇస్తామా?" అన్నాడు విశ్వనాథం. మేకు పెట్టి మధ్యలో ఉన్న 'స' ఊడబెరికాడు. కామాక్షి దానికి పసుపూ కుంకుమా పెట్టింది. తమలపాకులో చుట్టి తీసుకెళ్ళి నూకరాజు ఇంట్లో ఇచ్చొచ్చారు.

ఏకాదశి సాయంత్రం. వేదిక నిండా దీపాలు. విశ్వనాథం గర్వంగా కూర్చుని కీర్తన ఎత్తుకున్నాడు. 'రి' పలికింది, 'గ' పలికింది. 'స' దగ్గరికొచ్చేసరికి వేలు సందులో పడి చప్పుడు లేదు. తమ్ముళ్ళు తాళాలు పట్టుకుని మర్యాదగా ఆగారు. మళ్ళీ 'రి', మళ్ళీ 'గ', మళ్ళీ సందు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఏమయ్యా, 'స' ఏదీ?" అని కేకేశారు పోటీ పెద్ద.

"అది నూకరాజు గారిదండి. పరాయివాళ్ళ స్వరం మేం వాయించం."

జనాన్ని తోసుకుంటూ నూకరాజు వేదిక ఎక్కాడు. చెమటలు కారుతున్నాయి, చేతిలో కుంకుమబొట్టు పెట్టిన మెట్టు. "బాబూ, ఇదుగోండి మీ 'స'! నాకు డబ్బొద్దు, పైసా ఒద్దు, పెట్టుకుని వాయించండి!"

విశ్వనాథం దానివంక ఆశగా చూశాడు. చెయ్యి సగం దాకా చాచాడు. అంతలో తన తెలివి తనకి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"అలా చేతికిస్తే ఎలా నూకరాజూ? పోస్టుమేనువి, నీకే పద్ధతి తెలీకపోతే ఎట్లా? పొద్దున్నే వి.పి.పి. చెయ్యి. రూపాయిన్నరా, పైన కూలీ కట్టి విడిపించుకుంటాం," అని, 'రి' దగ్గర్నుంచి మళ్ళీ మొదలెట్టాడు.